ఇంటి సంగతి బడిలో చదివింది, రాసుడు మాన్పించాలా?

ప్రశ్న: మాది మెట్‌పల్లి దగ్గర పల్లె. మా ఆయన రియాద్‌ల పనిచేస్తడు, రెండేండ్లకోసారి వస్తడు. బిడ్డ తొమ్మిదో తరగతి. సెప్టెంబర్ 9న కాళోజీ జయంతికి సొంత కవిత చదవమని తెలుగు సార్ అంటే, ప్రార్థన కాడ అందరి ముందట వాళ్ల నాన్న మీద రాసింది చదివింది. ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పు, మిత్తి సంగతి కూడా అండ్ల ఉన్నది. ఊరంతా తెలిసింది. ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని మా అత్త రోజూ దెప్పుతది. ఎవరో చెప్తే మా ఆయన ఫోన్‌ల నన్నే తిట్టిండు. క్లాసు పిల్లలు ‘ఫోన్ నాన్న’ అని ఏడిపిస్తున్నరట. నోట్‌బుక్ దాచిపెట్టిన. రాసుడు మాన్పించాల్నా?

జవాబు: వద్దమ్మా. ముందు ఆ నోట్‌బుక్ తీసి పాప చేతికివ్వండి. మీరు రాసి పంపిన పాదాలు చూశాను:

‘నాన్నకు నా ఎత్తు తెల్వదు
ఫోన్ల పట్టేంతే నేను’

ఇందులో తండ్రి మీద నింద ఎక్కడుంది? ఈ వయసులో రెండేళ్లంటే ఆడపిల్ల ఎంత ఎదుగుతుందో, ఎన్ని జతల బట్టలు పొట్టివవుతాయో మీరు చూస్తూనే ఉన్నారు. ఆయన చూడటం లేదు. పాప చెప్పింది అదే, అదీ ఇంట్లో మాట్లాడే మాటల్లోనే. జనం మాట్లాడే భాషలోనే రాయాలన్న కవి కాళోజీ జయంతికి ఇంకేం కావాలి?

అప్పు సంగతి వేరు. అది పాప ఒక్కతి సంగతి కాదు, మీ ఆలుమగలది కూడా. తన బాధ చెప్పుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు గానీ, ఇంకొకరి విషయం వస్తే పదిమందిలో చదివేముందు వాళ్లనొక మాట అడగాలి. ఈ తేడా ఆ వయసు పిల్లలకు ఎవరూ చెప్పరు. కోపంగా కాదు, అన్నం తినేటప్పుడో జడ వేసేటప్పుడో చెప్పండి.

మీ ఆయనకు ఆ కబురు మోసినవాళ్లు అప్పు గురించి చెప్పి ఉంటారు, ఎత్తు గురించి చెప్పి ఉండరు. శుక్రవారం సెలవు రోజున ముందు మీరే మాట్లాడండి. రూములో నలుగురైదుగురు ఉంటారు కాబట్టి బయటికి రమ్మనండి. ఆ తర్వాత పాపకు ఇష్టమైతే తనే చదివి వినిపిస్తుంది. వద్దంటే ఒత్తిడి చేయకండి.

బడికి కూడా ఒకసారి వెళ్లండి, ఫిర్యాదుకు కాదు. ఇలాంటివి మొదట క్లాసులో, చదవాలనుకున్న పిల్లలతోనే చదివించి, స్టేజీ ఎక్కించేముందు ‘ఇది అందరూ వింటారు, సరేనా?’ అని అడగమని సార్‌ను కోరండి. పిల్లల మనసు విప్పించిన పెద్దవాళ్లకు, ఆ తర్వాత వచ్చే ఎగతాళిని ఆపే బాధ్యత కూడా ఉంటుంది. ఆ పేరు పెట్టి పిలవడం ఆయన ఆపించాలి. నన్నడిగితే మీ బిడ్డ రాసింది కాదు, దీన్ని పట్టించుకోకపోవడమే తప్పు.

మీ అత్తగారితో వాదన పెట్టుకోకండి. కొడుకు అప్పు ఊళ్లో నానుతుంటే ఏ తల్లికైనా కష్టమే. పాప ముందు మాత్రం ఆ సామెత వద్దని గట్టిగా చెప్పండి.

పాప బడికి పోనని మొండికేసినా, తిండీ నిద్రా తగ్గినా, రెండు వారాలైనా ముభావంగానే ఉన్నా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబరు. ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు.