సాగర్ గేట్లెత్తిన రోజు మీ సర్వర్ నిలబడాలంటే

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

నీ మెయిలు చదివాను. నాగార్జునసాగర్ చూడటానికి వచ్చేవాళ్లకు గదులు, పార్కింగు, గేట్ల సమాచారం ఒకేచోట దొరికేలా మీ ముగ్గురూ యాప్ కడుతున్నారంటే సంతోషంగా ఉంది. మామూలు రోజుల్లో వందమంది కూడా చూడరు, గేట్లెత్తారని టీవీలో వస్తే గంటలో వేలమంది మీద పడతారు, కాబట్టి ఎవరి క్లౌడ్, అంటే ఎవరు అద్దెకిచ్చే కంప్యూటర్లు, తీసుకోవాలి, అమెజానా, గూగులా, మైక్రోసాఫ్టా అని అడిగావు. ఆ పేరు చివర తేల్చుకుందాం. అంతకంటే ముందు చూసుకోవాల్సినవి ఉన్నాయి.

మొదటిది, మీ తాకిడి అంతా ఊహకందనిదేమీ కాదు. కృష్ణమ్మ ఆల్మట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు, అక్కడి నుంచి శ్రీశైలానికి, ఆ తర్వాతే సాగర్‌కు వస్తుంది. శ్రీశైలం గేట్లు ఎత్తారు, సాగర్ మట్టం 590 అడుగులకు దగ్గరపడుతోంది అంటే ఇక్కడి 26 గేట్లలో కొన్నయినా లేస్తాయని మిర్యాలగూడ బస్టాండులో టీ తాగేవాళ్లకు కూడా తెలుసు. మీ సర్వర్‌కు మాత్రం ఎందుకు తెలియకూడదు? మట్టం 585 దాటిన రోజు నుంచి కనీస సామర్థ్యం పెంచి ఉంచండి, వరద తగ్గాక దించేయండి. ఏ క్లౌడ్‌లోనైనా అది ఒక అంకె మార్చే పని.

నిజంగా ఊహకందనిది వేరే. ఎవరో కుర్రాడు డ్యాం దగ్గర తీసిన వీడియో పది నిమిషాల్లో వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేస్తుంది. మీరు ప్లాట్‌ఫాం ఎంచుకోవాల్సింది ఆ పది నిమిషాల కోసం.

మెషీన్లు అద్దెకు తీసుకుని ఆటో స్కేలింగ్, అంటే తాకిడిని బట్టి మెషీన్లు వాటంతటవే పెరిగి తగ్గే ఏర్పాటు, పెడితే చాలని మీ స్నేహితుడు అన్నాడని రాశావు. అది లోపల ఎలా నడుస్తుందో చూడు. అమెజాన్ మెషీన్లు అద్దెకిచ్చే సేవ ఈసీ2లో మామూలు పర్యవేక్షణ కొలత 5 నిమిషాలకు ఒకసారి వస్తుంది, అదనంగా డబ్బు కడితే నిమిషానికి ఒకసారి. ఆ కొలత హద్దు దాటాలి, అలారం మోగాలి, కొత్త మెషీన్ లేవాలి, దానిమీద మీ ప్రోగ్రాం లేవాలి, అది బతికే ఉందని, వచ్చేవాళ్లను మెషీన్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ నమ్మాలి. ఇదంతా అయ్యేసరికి వచ్చినవాళ్లు తెల్లతెర చూసి విసుక్కుని వెళ్లిపోతారు. పొద్దున మెల్లగా పెరిగి సాయంత్రానికి తగ్గే ఆఫీసు పనులకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది, మీకు కాదు.

మీకు కావాల్సింది సెకన్లలో పెరిగి, జనం లేనప్పుడు సున్నాకు దిగిపోయే సేవ. అమెజాన్‌లో లాంబ్డా, గూగుల్‌లో క్లౌడ్ రన్, మైక్రోసాఫ్ట్‌లో కంటైనర్ యాప్స్ ఆ కోవలోవే. సున్నాకు దిగితే ప్రోగ్రాం నడిపినందుకు అద్దె ఉండదు. కానీ ఆ తర్వాత వచ్చే మొదటి మనిషి, అది నిద్రలేచేదాకా ఎదురుచూడాలి. ఎండాకాలంలో ఫరవాలేదు. ఆగస్టు, సెప్టెంబరుల్లో మాత్రం ఒకటి రెండు ఇన్‌స్టెన్సులను, అంటే నడుస్తున్న ప్రోగ్రాం ప్రతులను, ఎప్పుడూ మేలుకొని ఉండేలా పెట్టండి, ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

ఇక అసలు ప్రమాదం ఎక్కడుందో చెబుతాను, ఇది నింపాదిగా చదువు. ముందున్న ప్రోగ్రాం ఎంతైనా పెరుగుతుంది, వెనకున్న డేటాబేస్ పెరగదు. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌ను స్థాపించగానే, ఒకేసారి దానితో మాట్లాడే కనెక్షన్లకు ఉండే హద్దు 100. క్లౌడ్‌లో దొరికే చిన్న మెషీన్లలో అది ఇంకా తక్కువ కావచ్చు. హద్దు పెంచేద్దామా అంటే, ప్రతి కనెక్షన్‌కు ఒక ప్రాసెస్ లేచి మెమరీ తింటుంది. లాంబ్డాలో మామూలుగా ఒక ఇన్‌స్టెన్స్ ఒకేసారి ఒక రిక్వెస్టునే చూస్తుంది. అంటే ఒకేసారి ఐదు వందలమంది వస్తే ఐదు వందల ఇన్‌స్టెన్సులు, అన్నీ తలా ఒక కనెక్షన్ అడుగుతాయి. లాంబ్డా గర్వంగా నిలబడి ఉంటుంది, డేటాబేస్ కూలిపోయి ఉంటుంది. లాంబ్డానే వాడాలంటే మధ్యలో కొన్ని కనెక్షన్లనే అందరికీ పంచే ఆర్‌డీఎస్ ప్రాక్సీ లాంటిది పెట్టాలి, దానికి మళ్లీ వేరే బిల్లు.

క్లౌడ్ రన్‌లో మనం ఏమీ మార్చకపోతే ఒక్కో ఇన్‌స్టెన్స్ 80 రిక్వెస్టుల దాకా ఒకేసారి చూస్తుంది. లెక్క కట్టు. గరిష్ఠంగా 15 ఇన్‌స్టెన్సులు, ఒక్కోదానికి 5 కనెక్షన్లు అని కట్టడి చేస్తే మొత్తం 75. వందలోపే ఉన్నాం, బ్యాకప్‌కూ మీరు లోపలికి వెళ్లి చూసుకోవడానికీ కొన్ని మిగిలాయి. అయినా ఒకేసారి 1,200 రిక్వెస్టులు లోపల ఉండవచ్చు. అంతకు మించి వచ్చినవాళ్లకు ‘రద్దీ ఎక్కువగా ఉంది, నిమిషం ఆగి ప్రయత్నించండి’ అని మర్యాదగా ఒక పేజీ చూపించండి. వచ్చిన వరదనంతా డ్యాం ఇంజనీర్లు ఒక్కసారిగా కిందికి వదలరు కదా.

అసలు ఆ వేలమందిలో ఎక్కువమంది డేటాబేస్ దాకా రానక్కర్లేదు. ఎన్ని గేట్లెత్తారు, మట్టం ఎంత, పార్కింగు ఖాళీ ఉందా, అందరూ అడిగేది ఇదే. అందరికీ జవాబు ఒకటే. ఆ పేజీని 30 సెకన్లపాటు సీడీఎన్‌లో, అంటే పేజీల నకళ్లు దాచి మీ సర్వర్ బదులు తానే అందించే సేవలో, నిలవ ఉంచితే తాకిడిలో పెద్ద భాగం అక్కడే ఆగిపోతుంది. గది బుకింగు, చెల్లింపు మాత్రమే లోపలికి రానివ్వండి. చెల్లింపు జరిగిందన్న కబురును క్యూలో, అంటే ఒకదాని తర్వాత ఒకటి తీసుకునే వరుసలో, పెడితే అదే కబురు రెండుసార్లు రావడం మామూలే. లావాదేవీ సంఖ్య చూసి రెండోదాన్ని పక్కన పెట్టకపోతే ఒకే గది రెండుసార్లు నమోదవుతుంది, ఆ గొడవ తీర్చడానికి మీ ముగ్గురూ సాగర్‌కు పరుగెత్తాలి.

బిల్లు గురించి ఒక మాట. బడ్జెట్ అలర్టు మెయిల్ పంపుతుందే తప్ప, ప్రత్యేకంగా ఏర్పాటు చేసుకోకపోతే ఖర్చును ఆపదు. పైగా లెక్కలు కొన్ని గంటలు ఆలస్యంగా వస్తాయి. మిమ్మల్ని కాపాడేది పైన చెప్పిన గరిష్ఠ హద్దు. ఫొటోల మీద కూడా కన్నేసి ఉంచు. 3 ఎంబీ ఫొటోను 40 వేలమంది తెరిస్తే 120 జీబీ బయటికి పోయినట్టు. అమెజాన్ నెలకు ఉచితంగా ఇచ్చేది 100 జీబీ. అదే ఫొటోను 300 కేబీకి కుదిస్తే ఫోనులో చూసేవాళ్లకు పెద్ద తేడా తెలియదు. గేట్లెత్తిన ఆదివారం డ్యాం దగ్గర సిగ్నల్ ఎలా ఉంటుందో నీకు తెలియనిది కాదు, తేలికైన పేజీ అక్కడివాళ్లకూ మేలు.

అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ (డేటా సెంటర్ల కేంద్రం) తెరిచింది కాబట్టి దగ్గరని అదే తీసుకుందాం అన్నావు. ముంబైకీ హైదరాబాద్‌కీ మధ్య తేడా మిల్లీసెకన్లలో ఉంటుంది, ఫోను వాడేవాళ్లకు తెలియదు. మీకు కావాల్సిన సేవలన్నీ ఏ రీజియన్‌లో ఉన్నాయో చూసుకోండి, చాలు. ఎన్నో మెషీన్ల మీద ప్రోగ్రాంలను నడిపించే పెద్ద ఏర్పాటు కుబర్నెటిస్ అయితే మీకు పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. అమెజాన్‌లో జనం ఉన్నా లేకపోయినా దాని నియంత్రణ భాగానికే గంటకు 10 సెంట్లు కట్టాలి, నెలకు 73 డాలర్లు.

నన్నడిగితే క్లౌడ్ రన్, ముంబై, ఒక చిన్న పోస్ట్‌గ్రెస్, ముందు సీడీఎన్. ప్రోగ్రాంను కంటైనర్‌గా, అంటే దానికి కావాల్సినవన్నీ కలిపిన ఒకే మూటగా, కట్టండి, రేపు కంపెనీ మారాలన్నా పెద్దగా విప్పి కట్టే పని ఉండదు. డేటాబేస్ మాత్రం జనం లేకపోయినా అద్దె అడుగుతుంది, దానికి సిద్ధపడండి. మీ ముగ్గురిలో ఒకరికి అమెజాన్ చేయి తిరిగిన పని అయితే మాత్రం నా మాట పక్కన పెట్టి అదే వాడండి. అర్ధరాత్రి ఆగిపోయినప్పుడు ఎక్కడ చూడాలో తెలిసినవాళ్లుండటమే ముఖ్యం.

కొత్త ఖాతాలకు క్లౌడ్ కంపెనీ పెట్టే వాడకం హద్దులు తక్కువగా ఉండవచ్చు. పెంచమని అడిగితే జవాబు రావడానికి రోజులు పడుతుంది, అందుకే జూన్‌లోనే అడిగి పెట్టండి. జులై మొదట్లో కే6 అనే తాకిడి పరీక్షా సాధనంతో దొంగ జనాన్ని సృష్టించి మీ యాప్ మీదికి వదలండి. పది నిమిషాల్లో వందనుంచి రెండు వేలకు పెంచి చూడండి. ఆ పరీక్ష అయ్యాక డేటాబేస్ కనెక్షన్ల గ్రాఫు నాకు పంపు. ప్రాసెసర్ గ్రాఫు వద్దు, అది ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

అక్కకూ బావకూ నమస్కారాలు చెప్పు.

మీ మామయ్య