ఈనబోయే పిల్లికి ఏ జాగ్రత్తలు?

ప్రశ్న: మా పిల్లి నేడో రేపో ఈనేలా ఉంది. ఆ సమయంలోనూ, తరువాతా మేము ఏం చేయాలి?

జవాబు: అలికిడి లేని మూలలో పాత నూలు బట్టలు పరిచిన అట్టపెట్టె అమర్చి, దూరం నుంచే గమనించండి, చాలా పిల్లులు మనిషి సాయం లేకుండానే ఈని, కూనలను నాకి శుభ్రం చేసి, బొడ్డుతాడును తామే కొరుకుతాయి. అయితే గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా కూన బయటకు రాకపోతే వెంటనే పశువైద్యుని వద్దకు తీసుకువెళ్లాలి. కూనలన్నీ మొదటి రోజే ముర్రుపాలు తాగేలా చూడండి, ఎందుకంటే వాటికి రోగనిరోధక శక్తి ప్రధానంగా ఆ పాల నుంచే అందుతుంది. తల్లికి ఆవుపాలు పోయడం మన ఇళ్లలో అలవాటే కానీ, వాటివల్ల విరేచనాలు పట్టుకోవచ్చు; పిల్లికూనల కోసం తయారుచేసిన బలమైన ఆహారమే తల్లికీ మేలు. పాలిచ్చే వారాల్లో అది వణికినా, తూలినా రక్తంలో కాల్షియం పడిపోయి ఉండవచ్చు, అది ప్రాణాపాయం కనుక క్షణం కూడా ఆలస్యం చేయకండి.