సమాధానం: ల్యాప్‌టాప్ చార్జర్ వైరు తెగి తీగలు బయటపడ్డాయి, టేప్ చుట్టి వాడొచ్చా?

తమ్ముడూ, ముందు ఆ ప్లగ్ పీకెయ్. పిన్ దగ్గర తీగలు కనపడుతున్నాయి, టేప్ చుట్టి పరుపు మీద పెట్టి వాడుతున్నా అన్నావు చూడు, అదే నాకు భయమేసింది. మన బెజవాడ ఎండకి ఆ టేప్ జిగురు కరిగి వారంలో జారిపోద్ది, నాదీ అలాగే జారింది, దుప్పటి కాలి చిల్లు పడింది.

ఏ వైపు తెగిందన్నదే ముఖ్యం. గోడకి పెట్టే వైపైతే అది 230 వోల్టులు, అతుకులు అస్సలొద్దు. అయితే చాలా వాటికి ఆ వైరు అడాప్టర్ నుంచి ఊడొస్తది, అదొక్కటే కొనుక్కో, చార్జర్ మొత్తం మార్చక్కర్లా.

నీది ల్యాప్‌టాప్ వైపు కాబట్టి అక్కడుండేది మామూలుగా 19, 20 వోల్టులే, షాక్ కొట్టదు గానీ లోపలి తీగా దాని చుట్టూ అల్లిన తీగల జాలీ తగిలితే షార్టయ్యి వేడెక్కి కాలిపోద్ది. రిపేర్ షాపులో పాడైన ముక్క కోసేసి కొత్త పిన్ను వైరు సోల్డరింగ్ చేయించు, కొత్త చార్జర్ కన్నా చాలా తక్కువలో అయిపోద్ది. కొన్ని మోడల్స్‌లో సన్నటి మూడో తీగ ఉంటది, అది కలపకపోతే బ్యాటరీకి చార్జ్ ఎక్కదు, షాపతనికి ముందే చెప్పు.

కొత్తదే కొనాల్సొస్తే బీసెంట్ రోడ్డులో బేరం బానే ఆడొచ్చు గానీ పాతదాని మీద రాసున్న వోల్టులు అంతే ఉండాలి, ఆంపియర్లు అంతే లేదా ఎక్కువ, పిన్ను సైజు కూడా సరిపోవాలి, బీఐఎస్ గుర్తు, అంటే ప్రభుత్వ ప్రమాణాల గుర్తు, లేనిది మాత్రం ఫ్రీగా ఇచ్చినా తీసుకోకు. ఈలోపు ఫైల్స్ పెన్‌డ్రైవ్‌లో ఎక్కించుకుని ఫ్రెండ్ చార్జర్ అడుగు, అదే మోడల్ అయితేనే.