షెడ్డు లేని ఇంట్లో బండికి చోటు

గుంటూరు, బ్రాడీపేట.

చిరంజీవి సాయికిరణ్‌కు పెదనాన్న ఆశీస్సులు.

నీవు బుల్లెట్ కొన్న సంగతి మీ నాన్న చెప్పాడు. విజయవాడ సత్యనారాయణపురంలో మీరు అద్దెకుంటున్న వాటాకు షెడ్డు గానీ సెల్లార్ గానీ లేవనీ, రాత్రిపూట బండిని వీధిలో గోడవారగా ఉంచి మేడ మీదకు వెళ్ళి పడుకుంటున్నావనీ, దానికి ఎలాంటి తాళం కొనాలో నన్ను అడిగి చెప్పమన్నావనీ కూడా అన్నాడు. తాళం సంగతి తరువాత రాస్తాను. ఉద్యోగమంతా బీమా కార్యాలయంలో క్లెయిముల విభాగంలోనే గడిపినవాణ్ణి కనుక పోయిన బళ్ళ కాగితాలు చాలానే చూశాను. తాళం నాసిరకమైనందువల్ల పోయిన బండి వాటిలో అరుదు. తాళం వేయడానికి బద్ధకించిన రాత్రి పోయినదీ, తాళం వేసినా దేనికీ కట్టకపోవడం వల్ల పోయినదీ ఎక్కువ. అందుచేత ముందు చోటు, తరువాత కట్టు, ఆపైన తాళం అనే వరుసలో ఆలోచించు. రాత్రి పదిన్నరకు డ్యూటీ దిగి అలసిపోయి వచ్చినప్పుడు కూడా రెండు నిమిషాల్లో పూర్తిచేయగలిగిన ఏర్పాటే పెట్టుకో. అంతకంటే శ్రమ అయితే, అది ఎంత గట్టిదైనా నెల తిరగకుండానే మానేస్తావు.

నీవు పంపిన ఫొటోలలో నాకు మూడు చోట్లు కనిపించాయి. మొదటిది గేటు ముందు సైడు కాలువ మీద పరిచిన పలకలు. అక్కడ వద్దు. బుల్లెట్ బరువు దాదాపు 195 కిలోలు. ఆ భారమంతా సైడు స్టాండు మొన మీద పడితే పాత పలక ఎప్పుడైనా విరగవచ్చు. పైగా అది వీధే కానీ ఇల్లు కాదు. రెండవది మేడమెట్ల కింది ఖాళీ. చూసినవారందరూ అక్కడే పెట్టమంటారు, మీ నాన్న కూడా అదే అన్నాడు. కానీ ఫొటోను దగ్గరగా చూస్తే ఆ గోడకే మూడు వాటాల కరెంటు మీటర్లూ, వేలాడుతున్న వైర్లూ ఉన్నాయి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువైనది కనుక కొద్దిగా కారినా పైకి పోకుండా నేలనంటి పాకుతుంది, మూసినట్టుండే మూలల్లో నిలుస్తుంది. మీటరు బోర్డులో రేగిన నిప్పురవ్వ దానిని అంటుకున్నదంటే, మేడ మీద ఉన్న మీరు దిగడానికి ఉన్న ఒక్క దారీ మంటల్లో ఉంటుంది. దొంగ పట్టుకుపోతే పోయేది బండి మాత్రమే. మీటర్లు అక్కడ ఉన్నంతకాలం మెట్ల కింద బండి పెట్టవద్దని గట్టిగా చెబుతున్నాను.

మాట వచ్చింది కనుక ఇంకొకటి. మీ చెల్లెలు బ్యాటరీ స్కూటరు కొంటానంటున్నదట. 2022 ఏప్రిల్‌లో మీ సూర్యారావుపేటలోనే పడకగదిలో ఛార్జింగు పెట్టిన బ్యాటరీ పేలి ఒక మనిషి ప్రాణం పోయింది. దొంగల భయంతో బ్యాటరీని ఊడదీసి పక్కలో పెట్టుకోవడం జాగ్రత్త కాదని ఆమెకు చెప్పు.

ఇక మిగిలినది ప్రహరీ గోడకూ ఇంటికీ నడుమ ఉన్న సందు. నా ఓటు దానికే. బండి పొడవు దాదాపు ఏడడుగులు, హ్యాండిల్ వెడల్పు రెండున్నర అడుగులకు కాస్త ఎక్కువ. కనుక సందు నాలుగడుగులు ఉంటే బండి పక్కనుంచి మనిషి నడవగలడు. మెట్లు దాటిన తరువాత సందు చివర ఎవరూ తిరగరు కనుక అక్కడ ఇంకా సులువు. మీకు వాటా అద్దెకిచ్చిన ఇంటివారి పడకగది కిటికీ ఆ చివరకే తెరుచుకుంటుందని నీవే చెప్పావు. నీవు దానిని ఇబ్బందిగా చెప్పావు గానీ, ఆ చోటులోని గొప్పతనమంతా ఆ కిటికీయే. ఎంత మంచి తాళమైనా కరెంటు కోత మిషను ముందు నిలవదు. అయితే ఆ మిషను చేసే మోతకు తలాపున పడుకున్నవాడు లేవక తప్పదు. కాబట్టి ఇంటివారి నిద్రను నీవు పాడుచేయకూడదు సుమా: గేటు దగ్గరే ఇంజను ఆపి బండిని లోపలికి తోసుకుంటూ వెళ్ళు. వాననీరు వీధిలోకి పోవడానికి సందులు కొద్దిగా వాలుగా కడతారు కనుక ఉదయం వెనక్కి దొర్లించుకోవడం కష్టం కాదు. ఇరుకు చోట సైడు స్టాండు వేస్తే బండి ఒరిగి మరింత జాగా ఆక్రమిస్తుంది. మధ్య స్టాండు వేయడం అలవాటు చేసుకో.

గేటు దగ్గర అడుగు ఎత్తు ఉన్నట్టుంది. దానికి కనీసం ఆరడుగుల వాలు ఉంటే తప్ప ఇంత బరువును ఒక్కడివే ఎక్కించలేవు. సిమెంటుతో వాలు కడితే కాలువ పూడుకుపోతుంది, కార్పొరేషన్ వారు పగలగొడతారు. ఆటోనగర్‌లో ఏ వెల్డింగు షాపులోనైనా గళ్ళ ఇనుప రేకుతో, అంచులు రెండంగుళాలు పైకి మలిచి, తీసి పక్కన పెట్టుకునే ర్యాంపు చేసి ఇస్తారు. రాత్రి దానిని కూడా గేటు లోపలికి తీసుకోవడం మరచిపోకు. బండి దొంగలు అప్పుడప్పుడు వస్తారు గానీ పాత ఇనుము ఏరుకునేవారు రోజూ వస్తారు.

ఇప్పుడు కట్టు గురించి. చక్రానికి మాత్రమే తాళం వేసిన బండి, కాళ్ళకు బందం వేసి గుంజకు కట్టని గేదె వంటిది. నడవలేదు గానీ నలుగురు కలిస్తే ట్రాలీ ఆటోలోకి ఎత్తేస్తారు. అందుచేత నేలలో ఒక ఇనుప కడియం పాతించాలి. తాపీ మేస్త్రిని పిలిచి, బండి వెనుక చక్రం నిలిచేచోట గోడవారగా అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు లోతున గుంట తీయించు. తీయించే ముందు, సంపుకు వెళ్ళే గొట్టం గానీ డ్రైనేజీ గొట్టం గానీ అటు వెళుతున్నదేమో ఇంటివారిని అడుగు. ఈ ప్రశ్న మరచిపోతే మిగతా పనంతా ప్లంబరుదే అవుతుంది. 16 మిల్లీమీటర్ల ఇనుప ఊచను లాడం ఆకారంలో వంచి, కాళ్ళ చివరలు బయటికి మలిపించి గుంటలో నిలబెట్టాలి. అలా మలిస్తే కాంక్రీటు పట్టేసిన తరువాత గడ్డపారతో పెకలించినా రాదు. ఒక పాలు సిమెంటు, రెండు పాళ్ళు ఇసుక, నాలుగు పాళ్ళు కంకర కలిపి నింపి, గొలుసు దూరేటంత సందు మాత్రమే నేలకు పైన కనిపించేటట్టు చేయించు, లేకపోతే చీకట్లో కాలికి తగులుతుంది. వారం రోజులు నీళ్ళు పట్టి, ఆ తరువాతే గొలుసు వేయాలి.

ఇంటివారు నేల తవ్వనీయకపోతే నొచ్చుకోకు, అది వారి ఇల్లు. అలాగని గేటుకు మాత్రం కట్టవద్దు; చాలా గేట్లు బందుల మీద నుంచి పైకి లేపితే ఊడి వస్తాయి. పాత కిటికీ ఊచలనూ నమ్మకు. ఇటుక గోడకు బోల్టు బిగించినా, సున్నమూ ఇటుకపొడీ రాలి కొంతకాలానికి వదులవుతుంది. అటువంటప్పుడు కింది వాటావారి స్కూటరునూ నీ బండినీ ఒకే గొలుసుతో కలిపి కట్టుకోవడం మేలు. అయితే వారు తెల్లవారుజామున బయలుదేరేవారైతే ఆ స్నేహం ఎన్నాళ్ళో నిలవదు, ముందే మాట్లాడుకో.

గొలుసు కొనేటప్పుడు తళుకు చూడకు, లింకు మందం చూడు. పైన ప్లాస్టిక్ తొడుగు ఉండి లోపల సన్నని తీగలు మెలివేసిన తాళాలను పెద్ద కటింగ్ ప్లేయరు ఇట్టే తెంపుతుంది. లింకు 10 నుంచి 12 మిల్లీమీటర్ల మందం ఉన్న, గట్టిపరచిన ఉక్కు గొలుసు కావాలి. అది చాలా బరువు ఉంటుంది కనుక బండి మీద మోసుకు తిరగకుండా కడియానికే వేలాడదీసి ఉంచు. నీ బండికి ఊచల చక్రాలు ఉన్నాయి కనుక గొలుసును ఊచల మధ్య దూర్చి వదిలేస్తే లాభం లేదు, ఊచలు కోస్తే చాలు ఊడి వస్తుంది. వెనుక చక్రపు రిమ్మునూ, ఆ చక్రాన్ని పట్టి ఉండే ఇనుప చట్రాన్నీ కలిపి చుట్టి కడియంలోకి తేవాలి. ముందు చక్రానికి వేస్తే చక్రాన్ని విప్పి అక్కడే వదిలి మిగతాది తీసుకుపోవచ్చు. వేసిన గొలుసు నేల మీద పడి ఉండకూడదు; నేల మీద ఉంటే కోసే పరికరం పిడిని నేలకు ఆనించి ఒంటి బరువంతా దానిమీద వేస్తారు, సుత్తితో కొట్టడానికి కూడా నేల దిమ్మెలా పనికివస్తుంది. గాలిలో బిగుతుగా ఉంటే ఆ అవకాశం తక్కువ. తాళం కన్నం కిందికి ఉంటే వాననీరు చేరదు.

హ్యాండిల్ లాక్ తప్పక వేయి, కానీ దానిని లెక్కలోకి తీసుకోకు. కాలితో బలంగా తన్ని విరిచేవారు ఉన్నారు. ముందు డిస్కుకు వేసే చిన్న తాళం పగలు ఆఫీసు దగ్గర, బీసెంటు రోడ్డులో పని మీద వెళ్ళినప్పుడు బాగుంటుంది. దానితోపాటు ఇచ్చే రంగు తీగను హ్యాండిల్‌కు తగిలించకపోతే, తాళం ఉన్న సంగతి మరచి బండి కదిలించి పడిపోతావు. జీపీఎస్ పరికరం పెట్టించదలిస్తే కంపెనీ సర్వీసులోనే పెట్టించు. కొత్త బండి వైరింగును బయట కోయిస్తే వారంటీకి పేచీ వస్తుంది. బండి చాలా రోజులు కదలకుండా ఉంటే ఆ పరికరం బ్యాటరీని కూడా తినేస్తుంది. తాళంచెవిని వీధి కిటికీ పక్కన మేకుకు తగిలించే అలవాటు మీ ఇంట్లో అందరికీ ఉంది. ఒక కర్రా వంచిన తీగా ఉంటే చాలు, దానిని బయటికి లాగడానికి.

కవరు కప్పడం మంచిదే. ఏ బండో కనిపించదు, బెజవాడ ఎండకు సీటూ రంగూ పాడవవు. ఇంజను, సైలెన్సరు చల్లారిన తరువాతే కప్పు; తడిసిన కవరును అలాగే ఉంచితే తుప్పు పట్టించేది అదే. నేల దాకా వేలాడే కవరు కింద ఎలుకలు కాపురం పెట్టి వైర్లు కొరుకుతాయి కనుక చక్రాల సగానికి వచ్చేది చాలు. సీటు కింద కలరా ఉండలు మూటకట్టి పెట్టేవారున్నారు. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. రోజూ కదిలే బండిలో ఎలుక గూడు కట్టదు.

నీటి సంగతి మీకు వేరే చెప్పాలా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళన్నీ మునిగినప్పుడు తాళాలు వేసిన బళ్ళు తాళాలతోనే నీళ్ళలో ఉండిపోయాయి. వానాకాలంలో ఊరికి వెళితే బండి తాళంచెవీ గొలుసు తాళంచెవీ ఇంటివారి చేతికి ఇచ్చి వెళ్ళు. వారు అంత నమ్మదగినవారు కాకపోతే ఆ ఇంట్లో బండే కాదు, నీవు ఉండడం కూడా నాకు ఇష్టం లేదు. మునిగిన బండిని తీసిన తరువాత స్టార్టు చేసి చూడాలన్న ఆత్రం మాత్రం పడవద్దు. ఇంజనులోకి నీరు చేరి ఉండగా తిప్పితే లోపలి భాగాలు వంగిపోతాయి, ఆ నష్టం నీవు చేసినదేనని బీమా సంస్థ తిరస్కరించే అవకాశం ఉంది.

బీమా నా విద్య కనుక కొంచెం వివరంగా చెబుతాను. 2018 సెప్టెంబరు నుంచి కొత్త ద్విచక్ర వాహనానికి ఐదేళ్ళ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఆ ఐదేళ్ళ మాట చూసి చాలామంది బండి పోయినా ఐదేళ్ళూ డబ్బు వస్తుందనుకుంటారు. థర్డ్ పార్టీ పాలసీ నీ బండి వల్ల ఇతరులకు కలిగే నష్టానికే తప్ప దొంగతనానికి పైసా ఇవ్వదు. దొంగతనానికి డబ్బిచ్చేది సొంత నష్టపు (ఓన్ డ్యామేజ్) భాగం, అది సాధారణంగా ఏడాదికే ఉంటుంది. అది ఏ తేదీతో ముగుస్తుందో ఇవాళే చూసి రాసిపెట్టుకో. అందులోనూ కొన్న ధర మొత్తం రాదు: ఆరు నెలలు దాటిన బండికి 15 శాతం, ఏడాది దాటితే 20 శాతం, రెండేళ్ళు దాటితే 30 శాతం తరుగు తీసి విలువ కడతారు. అప్పు ఉంటే ముందు ఆ అప్పిచ్చినవారికే చెల్లుతుంది.

బండి కనిపించకపోతే ముందు ఆ పక్క సందులన్నీ వెతుకుతూ పూట గడపకు. 112కు ఫోను చేసి, వెంటనే స్టేషనుకు వెళ్ళి ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించి, అదే రోజు బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలియజేయి. పోలీసులకు వెంటనే ఫిర్యాదు చేసి ఉంటే, బీమా సంస్థకు చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము కొట్టేయకూడదని 2020లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. అయినా ఆ తీర్పు చేత పట్టుకుని తిరిగే పరిస్థితి తెచ్చుకోవడం దేనికి? క్లెయిము సమయంలో రెండు తాళంచెవులూ అడుగుతారు. ఒకటే ఇస్తే రెండవది బండికే వదిలేశావేమోనన్న అనుమానం వస్తుంది. రెండవ తాళంచెవిని మీ నాన్న బీరువాలో పెట్టించు, ఇంటివారికి ఇచ్చేది నీ దగ్గరున్నదే. ఆర్‌సీ అసలు కాగితాన్ని సీటు కింద ఉంచవద్దు. డిజిలాకర్‌లోనిది చూపినా చెల్లుతుంది. చాసిస్ నంబరూ ఇంజను నంబరూ కనిపించేటట్టు ఫొటోలు తీసి, గొలుసు కొన్న రసీదుతో కలిపి దాచు. బండిని కాపాడుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్నది పాలసీలోనే ఒక షరతు, ఆ రసీదు దానికి పనికివస్తుంది.

ఈ ఆదివారం ఇంటివారితో మాట్లాడి మేస్త్రిని కుదుర్చుకో. కాంక్రీటు ఆరే ఆ వారం రోజులూ బండిని పటమటలో మీ మేనత్త వాళ్ళ అపార్టుమెంటు సెల్లార్‌లో పెట్టి ఇంటికి ఆటోలో వెళ్ళు, నేను ఆమెతో మాట్లాడాను. వాచ్‌మన్‌కు బండి నంబరు ముందుగానే రాసి ఇవ్వమన్నది.

ఇట్లు,
ఆశీస్సులతో,
పెదనాన్న