టికెట్ తీసేముందు ఒక మాట

ఒరే అల్లుడూ,

మామిడి పల్ప్ ఫ్యాక్టరీలో ఎక్స్‌పోర్ట్ సేల్స్ నీ చేతికిచ్చారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. అక్టోబర్‌లో యూరప్ ఎగ్జిబిషన్‌కు పోవాలా, లేక "అంతా జూమ్‌లో అయిపోతుంది కదా" అంటున్న మీ ఓనర్ మాట వినాలా అని తేల్చుకోలేకపోతున్నావట. ముప్పై ఏళ్లు చిత్తూరు గుజ్జు అమ్ముకుంటూ తిరిగినవాణ్ణి, నాకు తోచింది రాస్తున్నా.

మీ ఓనర్ మాట కొట్టిపారేసేదేమీ కాదు. కరోనా వల్ల 2020 మార్చి 23 నుంచి 2022 మార్చి 27 దాకా మన దేశంలో మామూలు అంతర్జాతీయ విమానాలు నడవలేదు. ప్యారిస్‌లో రెండేళ్లకోసారి పెట్టే సియాల్ అనే ఆహార ఎగ్జిబిషన్ 2020లో జరగనే లేదు. అయినా తోతాపురి కాయ కాయడం మానలేదు, డ్రమ్ములు నిండాయి, మద్రాసు పోర్టు నుంచి కంటైనర్లు పోయాయి. పాత బయ్యర్లు ఫోన్‌లోనే రేటు తేల్చుకున్నారు. అంతకుముందు ఏడాదికి నాలుగు ట్రిప్పులు కొట్టేవాణ్ణి. ఇంట్లో కూర్చుని లెక్క చూసుకుంటే, అందులో రెండు అలవాటు కొద్దీ పోయినవే. ఎప్పుడో తేలిపోయిన కాంట్రాక్టుకు కాఫీ తాగి రావడానికి అంత దూరం! అవి పోతే పోయాయి.

వ్యాపార ప్రయాణాల్లో సగానికి పైగా మాయమైపోతాయని 2020 నవంబర్‌లో బిల్ గేట్స్ అన్నాడు. అంత జరగలేదు. ప్రపంచం మొత్తం మీద ఆ ఖర్చు 2024కల్లా డాలర్లలో 2019 అంకెను అందుకుంది. కాకపోతే పెరిగిన టికెట్లు, హోటల్ రేట్లు తీసేసి చూస్తే అప్పటికి ఇంకా వెనకే ఉంది. అంటే ఏ ట్రిప్పు దేనికని ఓనర్లు ఇప్పుడు అడుగుతున్నారు. నిన్నూ అడుగుతారు, జవాబు పెట్టుకో.

నా జవాబు ఎక్కడ దొరికిందో చెప్తా. 2021 సీజన్‌లో ఒక కొత్త బయ్యర్, హాలండ్ మనిషి, వీడియో కాల్‌లో శాంపిల్ చూస్తానన్నాడు. ల్యాబ్‌లో తెల్ల సాసర్ తీసుకుని, స్టీలు స్పూన్‌తో గుజ్జు వేసి, ఫోన్ ముందు పెట్టా. నా కంటికి బంగారంలా ఉంది. వాడికి మాత్రం గోధుమరంగు తిరిగినట్టు కనిపించిందట. నెత్తిమీద వెలుగుతున్న పసుపు బల్బు సంగతి గానీ, ఫోన్ తనంతట తానే రంగు మార్చేస్తుందన్న సంగతి గానీ నాకు తట్టలేదు. తీపి కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీద చుక్క వేసి బ్రిక్స్ (తీపి కొలత) 15 చూపించా, రిపోర్టులు పంపా. మళ్లీ మాట్లాడతానని మర్యాదగా చెప్పాడు. అంతే, మళ్లీ మాట్లాడలేదు. పక్కన కూర్చుని ఉంటే వాడి మొహం చూడగానే తెలిసిపోయేది, సాసర్ పట్టుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లేవాణ్ణి. స్పూన్ నోట్లో పెట్టుకున్నాక రంగు గురించి ఎవడడుగుతాడు?

అందుకని కొత్త బయ్యర్ దగ్గరికి మనిషే పోవాలి. గొడవ వచ్చిన బయ్యర్ దగ్గరికీ మనిషే పోవాలి. గుజ్జు నింపే ఎసెప్టిక్ (క్రిములు చొరబడని) బ్యాగ్‌కు సూదిమొనంత చిల్లి పడినా లోపల గుజ్జు పులిసి డ్రమ్ము ఉబ్బుతుంది. అది మన దగ్గర పడిందా, దారిలో పడిందా, వాడి గోదాములో పడిందా అని ఫోటోలు పంపుకుంటూ మూడు నెలలు మెయిళ్లలో కొట్టుకోవచ్చు. ఇద్దరూ డ్రమ్ము పక్కన నిలబడి బ్యాగ్ బయటికి తీస్తే అరపూటలో తేలుతుంది. పాత బయ్యర్‌తో మామూలు రేటు మాటలకు స్క్రీన్ చాలు.

ఇంకోటుంది, దాన్ని మీ ఓనర్‌కు నువ్వే గట్టిగా చెప్పాలి. 2025లో కాయ ధర పడిపోయి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి రైతుకు కిలోకు 12 ఇవ్వాలన్నారు గుర్తుందా? పాత గుజ్జు అమ్ముడుపోక గోదాముల్లో పేరుకుపోవడం దానికొక పెద్ద కారణం. బయ్యర్ దగ్గర నిరుటి స్టాకు ఎంత మిగిలిందో ముందే తెలిస్తే మనం ఎంత కాయ కొనాలో తెలుస్తుంది. జూమ్‌లో అది ఎవడూ చెప్పడు. వాడి ఆఫీసు మనుషులు నలుగురు వింటుంటారు, మూలన రికార్డింగ్ ఎర్రచుక్క వెలుగుతుంటుంది. అదే మనిషి సాయంత్రం అయిదింటికి కాళ్లు పీకి, మన స్టాల్ వెనక కుర్చీలో కూలబడి, బూట్లు కాస్త వదులు చేసుకుంటూ చెప్తాడు. నేను టికెట్ డబ్బులు పెట్టేది ఆ కుర్చీ కోసం.

కాబట్టి పో. సరి సంవత్సరమైతే ప్యారిస్ సియాల్, బేసి సంవత్సరమైతే జర్మనీ కొలోన్‌లో అలాంటిదే అనూగా. అపెడా (వ్యవసాయ ఎగుమతుల్ని ప్రోత్సహించే కేంద్ర ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఇండియా పెవిలియన్‌లో చోటు దొరుకుతుందేమో ముందే కనుక్కో. స్టాల్ పెట్టి వచ్చేవాళ్ల కోసం ఎదురుచూడడం పాత పద్ధతి. నెలన్నర ముందే అయిదారుగురికి మెయిల్ పెట్టి టైము ఖాయం చేసుకుని పో. హాల్లో కూర్చుని స్లైడ్లు చూడకు, ఉపన్యాసాలు తర్వాత రికార్డింగ్‌లో దొరికితే చిత్తూరులోనే వినొచ్చు. తేదీ మార్చుకునే టికెట్ తీసుకో, డబ్బు ఎక్కువైనా సరే. జ్వరం తగిలితే పోకు.

పోనక్కర్లేని పనులకు వీడియో కాల్ కూడా ఒళ్లు దగ్గర పెట్టుకుని చెయ్యి. శాంపిల్ ముందే కొరియర్‌లో పంపి, అక్కడ వాడూ ఇక్కడ నువ్వూ ఒకే టైముకు ప్యాకెట్ విప్పండి. పగటి వెలుతురులో కూర్చో. కరెంటు పోతే అని ఫోన్ హాట్‌స్పాట్ పెట్టుకో. ఇంకోటి, హాలండ్‌కూ మనకూ ఎండాకాలంలో మూడున్నర గంటల తేడా, అక్టోబర్ చివరి ఆదివారం నుంచి నాలుగున్నర. ఒకసారి ఆ మర్నాడు సోమవారం, ఇంకో హాలండ్ బయ్యర్‌తో కాల్‌కు నేను ఒక గంట ముందే లైన్లోకి వచ్చి, వాడు రాలేదని విసుక్కుని, ఘాటుగా మెయిల్ కొట్టి లేచిపోయా. సరిగ్గా టైముకు వచ్చిన ఆ పెద్దమనిషి ఆ మెయిల్ చదువుకున్నాడు.

వాళ్లను ఇక్కడికి పిలవడం కూడా మరిచిపోకు. జూన్‌లో రమ్మను. మద్రాసులో దిగితే మూడు నాలుగు గంటల్లో చిత్తూరు. దామలచెరువు మండీలో కాయ గుట్టలు చూపించు, ఫ్యాక్టరీలో లైన్ నడుస్తుండగా చూపించు. ఏ స్లైడ్లూ దానికి సాటి రావు. మీటింగ్ మాత్రం తిరుపతి హోటల్లో పెట్టకు. నేను ఒకసారి డీలర్లందరినీ పిలిచి రెండు రోజులు పెట్టా. మొదటి రోజు హాలు కిటకిటలాడింది. రెండో రోజు పొద్దున చూస్తే సగం మంది కొండ మీద ఉన్నారు, మిగతా సగం లడ్డూల కోసం వాళ్లకు ఫోన్లు చేస్తున్నారు.

వీసా విషయంలో నిర్లక్ష్యం వద్దు. షెంగెన్‌కు (యూరప్‌లో చాలా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆఖరు గడువు 15 రోజుల ముందు. అప్పటిదాకా ఆగితే అపాయింట్‌మెంట్ దొరకదు. వేలిముద్రలకు మద్రాసుకో బెంగళూరుకో పోవాలి. కనీసం 30,000 యూరోల ఇన్సూరెన్స్ ఉండాలి. పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్లు దాటకూడదు, అక్కడి నుంచి తిరిగొచ్చే తేదీ తర్వాత కూడా మూడు నెలలు చెల్లాలి. నీది డిగ్రీలో ఉండగా తీసినట్టు గుర్తు. ఏ సంవత్సరంలో ఇచ్చారో బీరువాలోంచి తీసి చూసి, ఈ రాత్రికే ఫోన్ చెయ్యి.

మీ మామ