తప్పు ఒప్పుకోని మనిషిని కూడా క్షమించాలా?

నమ్మించి మోసం చేసిన మనిషి కనీసం "పొరపాటైంది" అని కూడా అనకపోతే అతణ్ణి క్షమించడంలో అర్థమేముందని మీరు అడిగారు. సంఘంలో పెద్దలు "క్షమించి మరచిపో" అంటుంటే అది చేతగానితనాన్ని భక్తిగా చూపించడమే కదా అని కూడా అడిగారు. ఒక విశ్వాసిగా, అటువంటి దెబ్బ తిన్నవాడిగా నాకు అర్థమైనంత వరకు రాస్తున్నాను.

కలిసి పనిచేసిన ఒక స్నేహితుడి అప్పుకు నేను హామీ సంతకం పెట్టాను. అతను వాయిదాలు కట్టడం మానేసి, ఫోన్ నంబరు మార్చి కనబడకుండా పోవడంతో ఆ బాకీ నా జీతం మీద పడింది. డబ్బు పోవడం కన్నా, ప్రతి నెలా వాయిదా సొమ్ము ఖాతాలోంచి తీసుకున్నట్టు ఫోన్‌కు సందేశం వచ్చే రోజు నన్ను ఎక్కువగా బాధించేది. ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. అతను ఎదురుపడితే ఏమేమి అడగాలో మాటలు కూర్చుకునేవాణ్ణి. అతని ఫొటోలు వెదికి, ఒంటి మీద కొత్త చొక్కా కనిపించినా అది నా డబ్బుతో కొన్నదేనని లెక్కగట్టేవాణ్ణి. పాత రోజుల్లో కోపం కొంతైనా కాలంతో పాటు చల్లారేదేమో గాని, ఇప్పుడు అవతలి మనిషి జీవితం, అతను పంపిన పాత సందేశాలు ఎప్పుడూ మన అరచేతిలోనే ఉంటున్నాయి. అందుకే క్షమాపణ అవసరం ఈ కాలంలో ఇంకా పెరిగిందని నేను నమ్ముతున్నాను.

మత్తయి సువార్త 18వ అధ్యాయంలోని ఉపమానం నాకు అప్పుడే నిజంగా అర్థమైంది. పదివేల తలాంతుల అప్పును రాజు మన్నించగా బయటపడిన దాసుడు, తనకు నూరు దేనారములు బాకీ ఉన్న తోటి దాసుడి గొంతు పట్టుకుంటాడు. దేనారము ఒక రోజు కూలి, తలాంతు సుమారు 6,000 దేనారములు. అంటే రాజు వదులుకున్నది ఆరు కోట్ల రోజుల కూలి. అయితే మనం తరచుగా గమనించని సంగతి ఒకటుంది. నూరు దేనారములు కూడా చిల్లర డబ్బు కాదు, మూడు నెలలకు పైబడిన కూలి. నాకు జరిగిన నష్టాన్ని యేసు చిన్నదని కొట్టిపారేయలేదు. అది నిజమైన బాకీయే అని ఒప్పుకుంటూనే, నేను పొందిన క్షమాపణ పక్కన పెట్టి దాన్ని చూడమన్నాడు.

ఎన్నిసార్లు క్షమించాలి, "ఏడుమారులా?" అని శిష్యుడైన పేతురు అడిగిన ప్రశ్నకు యేసు చెప్పిన డెబ్బది ఏళ్ల మారుల (డెబ్బై సార్లు ఏడు) లెక్క, కొత్తగా చేసిన తప్పులకే కాక పాత తప్పు గుర్తుకొచ్చిన ప్రతిసారికీ వర్తిస్తుందని నా అనుభవం చెబుతోంది. ఆ సందేశం వచ్చిన ప్రతి నెలా "ప్రభువా, ఇతని మీద పగ తీర్చుకునే పని నాది కాదు, నీది" అని ప్రార్థించేవాణ్ణి. మొదట్లో ఆ మాటలు నోటితో మాత్రమే వచ్చేవి. మనసు వాటి వెనకే నడవడానికి చాలా కాలం పట్టింది.

ఇక "మరచిపో" అన్న మాట సంగతి. మనిషి తనకు జరిగిన అన్యాయాన్ని మరచిపోవాలనే షరతును బైబిలు వాక్యం ఎక్కడా పెట్టలేదు. లూకా 17వ అధ్యాయంలో సహోదరుడు తప్పిదం చేస్తే గద్దించమని, మారుమనస్సు పొందితే క్షమించమని ఉంది. మార్కు 11వ అధ్యాయంలోనేమో, ప్రార్థనకు నిలబడినప్పుడు ఎవరి మీద ఏమి ఉన్నా క్షమించమని ఏ షరతూ లేకుండా ఉంది. నేను గ్రహించినంతలో, దేవుని ఎదుట పగను వదులుకోవడానికి అవతలి మనిషి పశ్చాత్తాపం కోసం ఎదురుచూడనక్కరలేదు, తెగిన బంధం మళ్లీ కలవడానికి మాత్రం అది తప్పనిసరి. బైబిలులోని యోసేపు, తనను బానిసగా అమ్మేసిన అన్నలను శిక్షించే అధికారం ఉండి కూడా పగ తీర్చుకోలేదు, అయినా వెంటనే తానెవరో చెప్పలేదు. తమ్ముడు బెన్యామీనుకు బదులు తానే దాసుడిగా ఉంటానని ఆ అన్నల్లో ఒకడైన యూదా ముందుకు వచ్చేదాకా వారిని పరీక్షించాడు.

క్షమించడమంటే చట్టాన్ని పక్కన పెట్టడమూ కాదు. 1999 జనవరిలో ఒడిశాలోని మనోహర్‌పూర్‌లో ఆస్ట్రేలియా మిషనరీ గ్రాహం స్టెయిన్స్‌ను, ఆయన ఇద్దరు చిన్న కొడుకులను జీపులో సజీవ దహనం చేశారు. భార్య గ్లాడిస్ ఆ హంతకులను క్షమిస్తున్నానని బహిరంగంగా చెప్పి, కుష్ఠురోగుల సేవను కొనసాగించారు. మరోవైపు విచారణ దాని దారిన అది నడిచింది, ప్రధాన దోషికి పడిన జీవితఖైదును సుప్రీంకోర్టు 2011లో ఖరారు చేసింది. ఆమె క్షమాపణ గాని, ఆ శిక్ష గాని ఒకదాన్ని మరొకటి రద్దు చేయలేదు. చేతగానివారు చేసే పని అదని ఎవరనగలరు? ఈ తేడా తెలియక, భర్త చేతిలో దెబ్బలు తింటున్న స్త్రీని "క్షమించి కాపురానికి వెళ్లు" అని పంపించే పెద్దలను చూస్తే నాకు ఎంతో బాధ కలుగుతుంది. ఆమెకు ముందు కావలసింది రక్షణ.

కాబట్టి మీరు అతనికి ఫోన్ చేయనక్కరలేదు, మళ్లీ డబ్బు అప్పగించనక్కరలేదు, రావలసిన సొమ్ము కోసం చట్టపరంగా అడగడం మానుకోనూ అక్కరలేదు. "శక్యమైతే మీ చేతనైనంత మట్టుకు" సమాధానంగా (శాంతితో) ఉండమని పౌలు రోమీయులకు రాశాడు, మన చేతిలో లేనిది కూడా కొంత ఉంటుందని అందులోనే ఒప్పుకున్నాడు. నా స్నేహితుడు ఇంతవరకూ రాలేదు. వస్తే కూర్చోబెట్టి మాట్లాడతాను, హామీ సంతకం మాత్రం పెట్టను.