ఎన్నాళ్లకు తగ్గుతుందో రక్తపరీక్ష చెప్పదు

అక్కా, పదకొండేళ్ల బాబు తలకి దెబ్బ తగిలి వారమైంది, సీటీ స్కాన్ బాగానే ఉంది, అయినా తలనొప్పి వదల్లేదు, జీఎఫ్‌ఏపీ (మెదడుకి దెబ్బ తగిలితే రక్తంలో పెరిగే ఒక ప్రోటీన్) రక్తపరీక్ష చేయించాలా అని అడిగారు. దానికోసం తిరగకండి. 2018లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చిన ఆ పరీక్ష పెద్దవాళ్లకే, అదీ దెబ్బ తగిలిన 12 గంటల్లోపు, సీటీ అవసరమా కాదా తేల్చడానికి, ఎన్నాళ్లకు తగ్గుతుందో చెప్పడానికి కాదు.

పిల్లలకి అడిగి, చూసి తెలుసుకునేదే మేలు. తలకి దెబ్బ తగిలిన పిల్లల్లో బాధలు ఎక్కువకాలం ఉంటాయా అని అంచనా వేసే కెనడా డాక్టర్ల 5పీ స్కోరులో ఉన్నవీ అలాంటివే: మైగ్రేన్ ఉందా, చప్పుడు పడట్లేదా, జవాబు నిదానంగా చెప్తున్నాడా, ఒక పాదం వెనక ఇంకోటి ఆనించి నిలబడితే తూలుతున్నాడా. ఇవి రాసుకుని డాక్టరుకి చూపించండి.

చీకటి గదిలో పడుకోబెట్టకండి. కాసేపు నడిపించండి, బడికి సగం పూట పంపండి. డాక్టరు సరేననేదాకా బ్యాటు మాత్రం వద్దు. చాలామందికి నాలుగు వారాల్లో సర్దుకుంటుంది. మళ్లీమళ్లీ వాంతులైనా, లేపితే లేవకపోయినా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి.